శంషాబాద్ నుంచి నాగపూర్‌కి, నేల మీదుగా

శంషాబాద్ విమానాశ్రయం నుంచి నాగపూర్ విమానాశ్రయానికి ఎంత దూరమని ఫోన్‌ని అడిగితే, సుమారు నాలుగు వందల ముప్పై కిలోమీటర్లు, గంటా పావు ప్రయాణం అని చెబుతుంది. రెండు ఊళ్ల మధ్య సన్నటి వంపు గీత ఒకటి గీసి చూపిస్తుంది. ఆ గీత కింద ఏమేం ఉన్నాయో దానికి పట్టదు. పోయిన డిసెంబరులో నేను ఆ గీత కింద, నేల మీద, బస్సుల్లో వెళ్లొచ్చాను. మా వైపు వాళ్లు గల్ఫ్ నుంచి వస్తే శంషాబాద్‌లోనే దిగుతారు. నాగపూర్ విమానాశ్రయానికి ఎదురు వెళ్లినవాళ్లు మా ఊళ్లో ఎవరూ లేరు. అందుకని రాస్తున్నాను.

శంషాబాద్

మాది ధర్మపురి దగ్గర ఒక పల్లె. మా దగ్గర దుబాయి నుంచో మస్కట్ నుంచో మనిషి వస్తున్నాడంటే ఒక్కరూ ఇద్దరూ ఎదురు పోరు. బండి మాట్లాడుకుని ఇంటిల్లిపాదీ పోతారు. మేమూ అట్లాగే పోయాం. తుఫాన్ బండిలో మేం అవ్వ అని పిలిచే మా అమ్మ, నేను, పెదబాపు, ఇద్దరు మేనత్తలు, వాళ్ల పిల్లలు. బండి వెనక సీటు కింద సర్వపిండి, సకినాలు, ఒక టిఫిన్ డబ్బాలో కోడికూర. మా బాపు, అంటే నాన్న, ఆ రోజే షార్జా నుంచి ఔట్‌పాస్ మీద వస్తున్నాడని పక్క ఊరి పిలగాడొకడు అక్కడి నుంచి ఫోన్ చేసి చెప్పాడు. పాస్‌పోర్టు చేతిలో లేనివాళ్లకు ఇంటికి పోవడానికి ఇచ్చే కాగితమది. బాపు పని చేసిన కంపెనీ మూతపడింది, పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉండిపోయింది, అంతవరకే మాకు తెలుసు.

బయటికొచ్చే ద్వారం దగ్గర సగం కరీంనగర్, సగం నిజామాబాద్ నిలబడి ఉంది. తాళ్లతో కట్టిన అట్టపెట్టెలు వస్తున్నాయి. వాటి మీద ఇంటిపేరుతో సహా పెద్ద పెద్ద అక్షరాలు. కంబళ్ల మూటలు వస్తున్నాయి. పెట్టె ముందు కనిపిస్తుంది, మనిషి తర్వాత కనిపిస్తాడు. మా పక్కన సిరిసిల్ల వైపు ఆమె ఒకామె పల్లీలు ఒలుస్తూ నాకు దోసెడు పెట్టింది. పెదబాపు చాయ్ తెస్తానని పోయి ఉత్త చేతులతో వచ్చాడు.

"ఒక్క చాయ్‌కి ఎంతంటుండో ఎర్కేనా? గా పైసలకు మనూర్ల పొయ్యితో సహా హోటలే ఇస్తరు."

మధ్యాహ్నం దాకా అందరూ వచ్చారు. బాపు రాలేదు. పల్లీలామె తన కొడుకుని తీసుకుని పోయింది. నాకు కొత్తవాళ్లతో ఫోన్లో మాట్లాడాలంటే నోరు పెగలదు. జగిత్యాలలో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతాను, వాళ్ల ముందు తప్ప ఎక్కడా గొంతు లేవదు. అయినా బాపు గదిలో ఉండే మల్లేశం కాకకు నేనే ఫోన్ చేశాను.

"నాగపూర్ కదనే బిడ్డా! శంషాబాద్ అని ఎవలు జెప్పిండ్రు మీకు?"

"ఎవలు జెప్పలే కాకా. మనోళ్లందరు గీడనే దిగుతరు గద."

"ఇయ్యాల గాదు. రేపు పగటాల్ల ఒంటిగంటకు దిగుతడు. నాగపూర్ టికెటే గావాలని ఆయనే అడిగి తీసుకున్నడు."

"ఎందుకు?"

"మీకు జెప్పొద్దన్నడు బిడ్డా. శంషాబాద్ల దిగితే మనోళ్లందరు జూస్తరట. చేతిల బట్టల సంచి తప్ప ఏం లేకపాయె. కంపెనీ పోయినంక రెండేండ్లు కాగితాల్లేకుండ కల్లివెల్లి ఉండె. పోలీసోళ్లకు దొరకకుండ ఈడింత ఆడింత పని జేసిండు, తిండికే సరిపాయె. మా రూంల చంద్రపూర్ దిక్కు అతనున్నడు. అతని తమ్మునికి నాగపూర్ అవతల సంత్రా తోట ఉన్నది. ఆడ పనికి పోయి, నాలుగు పైసలు జమ జేసుకొని, అప్పుడు ఇల్లు జేరుత అన్నడు. ఎన్నొద్దులు అంటే చెప్పలే."

నేను పదో తరగతిలో ఉండగా బాపు రెండేళ్లు చేసి వస్తానని పోయాడు. మధ్యలో ఒక్కసారి వచ్చాడు. నాలుగు పైసలు జమ చేసుకోవడం అంటే మా ఇంట్లో ఎన్నేళ్లో నాకు తెలుసు. ఆ తోటలోకి పోయాడంటే మళ్లీ దొరకడు.

విషయం విని పెదబాపు మొహం ఎర్రగా చేసుకున్నాడు. "పోనియ్యి. వాని ఇష్టం. ఇంటోళ్లకన్న చెప్పకుండ గిదేం పని?" డ్రైవర్ తనకు మహారాష్ట్ర పర్మిట్ లేదన్నాడు. విమానం చూశాను. మర్నాడు సాయంత్రం పూట తప్ప నేరుగా పోయేది లేదు, ఉన్నదాని ధర మాకు అందేది కాదు. మంచిర్యాల మీదుగా పోయే రైళ్లు ఆ వారం పట్టాల పనితో గంటల కొద్దీ ఆలస్యంగా నడుస్తున్నాయి. హైదరాబాద్ నుంచి నేరుగా పోయే రాత్రి బస్సుల్లో సీట్లు లేవు.

"నేను పోత," అన్నాను. ఎవరికీ వినపడలేదు. రెండోసారి అన్నాను.

"నువ్వా?" అన్నారు మేనత్తలిద్దరూ ఒకేసారి.

అవ్వ మాత్రం నా మొహం చూసింది. "పోనియ్యుండ్రి. నేను పోతే ఆయన తల ఎత్తడు. మీరు పోతే అసలే ఎత్తడు. బిడ్డ పోతేనే వస్తడు."

కరీంనగర్

బండి నన్ను కరీంనగర్ బస్టాండు దగ్గర దించింది. కోడికూర ఆగదని దారిలోనే అందరం తినేశాం. సర్వపిండి, సకినాలు మాత్రం అవ్వ ఒక సంచిలో కట్టి నాకు ఇచ్చింది. తన శాలువా కూడా తీసి నా భుజం మీద వేసింది. ఏదైనా జాగ్రత్త చెబుతుందనుకున్నాను. "రాకుంటే గుంజుకరా," అని మాత్రం అంది.

ఆదిలాబాద్ బస్సులో కిటికీ సీటు దొరికింది. మా రాష్ట్రంలో ఆడవాళ్లకు బస్సు టికెట్ లేదు, ఆధార్ చూపిస్తే చాలు, సున్నా కొట్టిన టికెట్ ఇస్తారు. కండక్టరమ్మ నా కార్డు మీద ఫొటో చూసి, నన్ను చూసి, "పదో తరగతి ఫొటోనా? మార్పించుకో చెల్లే, పెండ్లి సంబంధానికి గిది చూపిస్తే ఒక్కడు రాడు," అంది. బస్సంతా నవ్వింది. నేను శాలువాలోకి దూరాను. కానీ జగిత్యాల వచ్చేసరికి ఆమే నా పక్కన కూర్చుని, ఎక్కడికని అడిగి, చెప్పించుకుంది.

"నాగపూర్‌కా? ఆదిలాబాద్ల పొద్దుగాల ఆరింటికి మహారాష్ట్రోళ్ల ఎర్రబస్సు ఉంటది. మనది ఏడున్నరకు. నువ్వు ఎర్రబస్సే ఎక్కు. ఆడ ఆడోళ్లకు సగం టికెట్ ఉంటది, అడిగి మరీ తీసుకో. నువ్వు అడిగేటట్టు లేవు."

నిర్మల్ ముందు గోదావరి వంతెన దాటుతుంటే జనం కిటికీల్లోంచి రూపాయి బిళ్లలు విసిరారు. మా ధర్మపురి దగ్గర ఇదే నీళ్లను రోజూ చూసే మేము ఎవరమూ బిళ్లలు వేయం. దూరం నుంచి వచ్చినవాళ్లకే నది కొత్త. నిర్మల్ ఘాట్ ఎక్కేసరికి చలి మొదలైంది.

ఆదిలాబాద్

ఆదిలాబాద్‌లో నాతో బీయెడ్ చదివిన జ్యోతి ఇల్లుంది. వాళ్లమ్మది అటు యవత్మాల్ పుట్టిల్లు, మాటలో సగం మరాఠీ. పొయ్యి ముందు పీట వేసి నన్ను కూర్చోబెట్టి, జొన్నరొట్టె కాల్చి కాల్చినట్టే పళ్లెంలో వేసింది. పక్కన పచ్చిమిరపకాయ, వెల్లుల్లి, పల్లీలు దంచిన ఠేచా. మా అవ్వ రొట్టె పలుచగా, వెడల్పుగా చేస్తుంది. ఈమెది మందంగా, అంచు కరకరలాడుతూ ఉంది. మేము కారానికి పచ్చిపులుసు పోసుకుంటాం, వీళ్లు పచ్చి నూనె పోసుకుంటారు. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి.

"ఠేచాకే ఏడ్వవట్టినవ్, రేపు మీ బాపును జూసి ఏం జేస్తవ్ బాయీ?" అంది వాళ్లమ్మ.

"గుంజుకొస్తా ఆయీ," అన్నాను. నేను హాస్యమాడతానని జ్యోతికి కూడా తెలియదు, అది పళ్లెం పట్టుకుని నన్నే చూసింది.

వాళ్లమ్మ నవ్వలేదు. "మా మరిది బొంబాయి పోయి గట్లనే రాలే. ఖాళీ చేతుల్తోని ఎట్ల రావాలె అన్నడట. ఇగ రానే రాలే. జర పొద్దుగాల్నే పో."

పాండర్‌కవడ

ఎర్రబస్సు చీకట్లోనే బయల్దేరింది. పెన్‌గంగ వంతెన మీద తెల్లవారింది. నది దాటగానే నా సున్నా టికెట్ల రాజ్యం అయిపోయింది. కండక్టర్ పూర్తి టికెట్ కొట్టబోయాడు. నిన్నటి కండక్టరమ్మ మాట గుర్తుచేసుకుని, "హాఫ్," అన్నాను. ఆయనకు వినపడలేదు. "హాఫ్ టికెట్ భయ్యా!" అన్నాను, నిద్రపోతున్న ముందు సీటాయన లేచేంత గట్టిగా. సగమే తీసుకున్నాడు.

రోడ్డుకు రెండు వైపులా పత్తి. మా వైపు అప్పటికే ఏరడం అయిపోయింది, ఇక్కడ ఇంకా తెల్లగా నిలబడి ఉంది. పాండర్‌కవడ దాటాక ఒక దాబా ముందు బస్సు దగ్గి ఆగింది. కండక్టర్ దిగి చూసి, ఇంకో బస్సు వస్తుంది, రెండు గంటలు పడుతుంది, అందరూ నాష్టా చేయండి అన్నాడు. అందరూ నిజంగానే నాష్టాకు పోయారు. అటుకుల మీద ఎర్రటి శనగల పులుసు పోసి ఇస్తున్నారు, ముప్పై రూపాయలు. తర్రీపోహా అంటారు. మా ఇంట్లో అటుకులంటే పాలల్లో వేసి జ్వరమొచ్చినవాళ్లకు పెట్టేవి. ఇక్కడ లారీ డ్రైవర్లు చెమటలు తుడుచుకుంటూ తింటున్నారు. నాకు రెండు చెంచాల కంటే దిగలేదు. రెండు గంటలు ఆగితే బాపు దిగి, బైటికొచ్చి, పోయి ఉంటాడు.

పక్కన జీపు ఒకటి పత్తి ఏరే కూలీ ఆడవాళ్లతో నిండుతోంది. హింగన్‌ఘాట్ అని అరుస్తున్నాడు డ్రైవర్. నేను పోయి నిలబడ్డాను. జాగా లేదన్నాడు. అడగడం అలవాటు లేనివాళ్లు ఆ మాటకు వెనక్కి తిరుగుతారు. నేను తిరగలేదు, అట్లాగే నిలబడ్డాను. లోపలి నుంచి ముక్కుపుడక పెట్టుకున్న పెద్దావిడ ఒకామె ఏదో అని, తన ఒళ్లో ఉన్న మూట తీసి పక్కామె ఒళ్లో పెట్టి, నా చేయి పట్టి లాగింది. సగం ఆమె మీద, సగం మూట మీద కూర్చున్నాను. ఆమె మరాఠీ నాకు రాదు, నా తెలుగు ఆమెకు రాదు. "బాప్?" అంది నేను చెప్పిందంతా విని. తలూపాను. సకినాలు తీసి పంచాను. జీపంతా కరకరలాడింది. ఒకామె రెండోది తీసుకుని కొంగున కట్టుకుంది, ఇంట్లో ఎవరికో చూపించడానికి. హింగన్‌ఘాట్‌లో ఆమే నన్ను నాగపూర్ బస్సు ఎక్కించి, బస్సు కదిలేదాకా నిలబడింది.

నాగపూర్

ఆటోవాడు రెండు వందల యాభై అన్నాడు. బేరమాడలేదు, జల్దీ అన్నాను. విమానాశ్రయం శంషాబాద్‌తో పోలిస్తే చిన్నది. బయట తాళ్ల పెట్టెల కోసం చూసే జనం లేరు. సూట్‌కేసులు దొర్లించుకుంటూ వచ్చేవాళ్లు వచ్చి, కార్లెక్కి పోతున్నారు. విమానం ఎప్పుడో దిగిందని బోర్డు మీద ఉంది. సెక్యూరిటీ ఆయన్ని అడిగితే, ఔట్‌పాస్ వాళ్లను లోపల చాలాసేపు ప్రశ్నలు అడుగుతారని, ఇంకా ఎవరూ రాలేదని చెప్పాడు. ఆ కాగితాన్ని అప్పటిదాకా తిట్టుకున్నదాన్ని, ఇప్పుడు దండం పెట్టాలనిపించింది.

మోటార్‌సైకిల్ మీద ఒకతను కూడా ద్వారం వైపే చూస్తున్నాడు. హ్యాండిల్‌కు సంచి, సంచిలో సంత్రాలు. తోటతను ఇతనేనని అర్థమైంది. పేరు విఠల్. నేను కూతురినని తెలిసి బండి స్టాండు వేశాడు.

బాపు వచ్చాడు. భుజానికి గుడ్డసంచి. జుట్టు తెల్లబడింది, చొక్కా వదులైంది. ముందు విఠల్‌ని వెతికాడు. తర్వాత నన్ను చూశాడు. చూసి, సంచిని వెనక్కి పెట్టుకున్నాడు.

"నువ్వెట్ల వచ్చినవే?"

"బస్సుల."

"ఒక్కదానివేనా?"

"ఊ. ఇంటికి పోదాం బాపూ."

"పోదాం బిడ్డా. ముందు నువ్వు పో. నేను గీ పంట దాక..."

"ఏ పంట దాక?"

బాపు విఠల్ వైపు చూశాడు. "నీకు తెల్వదే. దుబాయి పోయినోడు వచ్చిండంటే వాడకట్టంత వచ్చి కూసుంటరు. ఇంటింటికి ఒక సబ్బన్న, జండూబామన్న చేతిల పెట్టాలె. నాతోని ఏమున్నది? ఏం మొఖం పెట్టుకొని కూసోవాలె?"

బస్సులో దారంతా ఏం చెప్పాలో పేర్చుకుంటూ వచ్చాను. ఒక్క మాటా గుర్తు రాలేదు. విఠల్ సంచిలోంచి ఒక సంత్రా తీసి బాపు చేతిలో పెట్టాను.

"గివి పెడుదాం."

"ఏంది?"

"ఇంటింటికి. సబ్బు బదులు."

బాపు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "దుబాయి పోయి సంత్రాలు తెచ్చిండంటరు! నవ్వుతరే!"

"నవ్వనియ్యి. నువ్వు లేక మేం ఏడ్సినప్పుడు ఎవరు జూసిండ్రు?"

అది నేనన్న మాటేనా అని నాకే అనుమానం వచ్చింది. విఠల్‌కు మా మాటలు అర్థం కాకపోయినా సంగతి అర్థమైంది. "కాకా, నా తోట ఎక్కడికీ పోదు. బిడ్డతో పో," అన్నాడు హిందీలో. "కావాలంటే మార్కెట్ చూపిస్తా."

నా దగ్గర డబ్బులున్నాయి కానీ తీయలేదు. "నీ పైసలతోని కొంటేనే నువ్వు తెచ్చినట్టు," అన్నాను. బాపు జేబులో మడతలు పెట్టిన కొన్ని దిర్హాములున్నాయి. కౌంటర్లో మార్చుకున్నాం.

సంత్రా మార్కెట్ నేనెన్నడూ చూడని వింత. రేకుల షెడ్ల కింద ఇంటికప్పంత ఎత్తు గుట్టలు. కల్లంలో ధాన్యం రాశి ముందు రైతు నిలబడ్డట్టు వ్యాపారులు నిలబడి ఉన్నారు. గాలి పీలిస్తే నోరూరుతోంది. ఎన్ని కావాలని విఠల్ అడిగాడు. బాపు వేళ్లు మడవడం మొదలుపెట్టాడు.

"ఎల్లవ్వ ఇల్లు, సాయిలు ఇల్లు, గొల్లోళ్లవి రెండిండ్లు, మూలకు బాలమ్మత్త... బాలమ్మత్త ఉన్నదా?"

"పోయినేడు పోయింది బాపూ."

బాపు మడిచిన వేలు అట్లాగే పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. "ఆమె కోడలికిస్త," అని తర్వాతి వేలు మడిచాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా వాడకట్టులో ఒక్క ఇల్లూ మర్చిపోలేదు. ఆయన నాతో వస్తున్నాడని నాకు అప్పుడు నమ్మకం కలిగింది.

తిరుగుదారి

ఆదిలాబాద్ బస్సులో మూట కుట్టు ఊడి సంత్రాలు సీట్ల కింద దొర్లాయి. బ్రేకు వేస్తే ముందుకు, గేరు మారిస్తే వెనక్కి. ప్రయాణికులంతా వంగి ఏరారు. డ్రైవర్ కాళ్ల దగ్గరి నుంచి ఒకటి తిరిగొచ్చింది, రెండు మూడు తిరిగి రాలేదు. బాపు సర్వపిండి నములుతూ నవ్వాడు. ఆ నవ్వులో ఒక పన్ను లేదని అప్పుడే చూశాను.

ఆ రాత్రి జ్యోతి వాళ్లింట్లో దిగాం. ఆదిలాబాద్ నుంచి మర్నాడు సాయంత్రం బస్సుకు పోదామని బాపు అన్నాడు.

"చీకటివడ్డంక దిగితే మంచిగుంటది బిడ్డా. సప్పుడు గాకుండ ఇంట్లకు పోవచ్చు. తెల్లారి సూసుకుందం."

"పొద్దుగాల బస్సుకే పోతున్నం."

"మీ అవ్వ లెక్క మాట్లాడుతున్నవే."

"అవ్వనే పంపింది."

ఉట్నూరు, జన్నారం మీదుగా అడవిలోంచి వచ్చాం. టేకుచెట్ల మధ్య ఎండ పడుతుంటే బాపు కిటికీకి మొహం ఆనించి, ఒక్కో ఊరు రాకముందే పేరు చెప్పాడు. ఎడారిలో ఇన్నేళ్లున్నవాడు చెట్లను ఎంతసేపైనా చూస్తాడని అర్థమైంది. లక్షెట్టిపేటలో ధర్మపురి బస్సు ఎక్కాం. రాయపట్నం వంతెన మీద గోదావరి కనిపించగానే బాపు చేతులు మూట మీద బిగుసుకున్నాయి.

మా ఊరు

మిట్టమధ్యాహ్నం దిగాం. మూట ఒక కొస బాపు, ఒక కొస నేను. హోటలు ముందు కూర్చున్నవాళ్లు లేచి చూశారు. మేము ఇల్లు చేరేసరికే మాట చేరింది. అవ్వ వాకిట్లో నిలబడి ఉంది. బాపు తల ఎత్తలేదు. అవ్వ చెంబుతో నీళ్లిచ్చి, "కాళ్లు కడుక్కో," అంది. పెదబాపు గడపలో కూర్చుని ఇంకా మూతి ముడుచుకునే ఉన్నాడు. కానీ మంచం వాల్చింది ఆయనే.

కొద్దిసేపట్లో వాడకట్టంతా వచ్చి కూర్చుంది. బాపు మూట విప్పి ఒక్కొక్కరి చేతిలో పెడుతున్నాడు. పిల్లలు అప్పటికే ఒలుస్తున్నారు. ఎల్లవ్వ మా ఎదురింటి ముసలమ్మ. తన చేతిలోని పండును అటూ ఇటూ తిప్పింది.

"ఏం రాజేశం, దుబాయిల సంత్రాలు కాస్తయా?"

అందరూ నవ్వారు. బాపు లేచి లోపలికి పోతాడనుకున్నాను. పోలేదు.

"కాయవు పెద్దవ్వా. నాగపూర్ల దిగిన. కంపెనీ మూతవడ్డది, రెండేండ్లు కల్లివెల్లి ఉన్న, ఔట్‌పాస్ మీద వచ్చిన. సబ్బుల్లేవు, బామ్‌ల్లేవు. మీకోసం గివే తెచ్చిన."

ఎవరూ నవ్వలేదు. ఎల్లవ్వ కొడుకు సత్తయ్య కూడా మస్కట్‌లో ఉన్నాడు, వచ్చి చాలా ఏళ్లయింది. ఫోన్ చేసినప్పుడల్లా వచ్చే ఏడు వస్తానంటాడని ఆమె అందరికీ చెబుతుంటుంది. ఆమె పండును కొంగుతో తుడిచింది.

"మా పోరడు గూడ గట్లనే ఉన్నడేమో కొడుకా. నాతోని చెప్తలేడు. నువ్వు ఫోన్ జెయ్యి. ఉత్త చేతుల్తోనే రమ్మను. సంత్రాలు తెచ్చినా సాలు, తేకున్నా సాలు."

బాపు నా వైపు చేయి చాచాడు. ఫోన్ తీసి ఇచ్చాను.